గడప దాటించు ప్రశ్నలు

అమెరికా సంయుక్త రాష్ట్రముల నడిబొడ్డున గోధుమ పండించు కాన్సాసు రాష్ట్రమునందు ఆగస్టు మాసపు ఎన్నికకు జనము విశేషముగా రారు. ఎండలు తీవ్రము, పైగా అది ప్రభుత్వమును నిర్ణయించు ఎన్నిక కాదు. నవంబరులో నిలువబోవు అభ్యర్థులను ఆయా పక్షములవారు తమలో తాము ఏర్పరచుకొను ప్రాథమిక ఎన్నిక మాత్రమే. ఏ పక్షమునను పేరు నమోదు చేయించుకొననివారికి అందు సాధారణముగా పనియే యుండదు. 2018లో అట్టి ఎన్నికకు నమోదైన వోటర్లలో నూటికి 27 మంది వచ్చిరి. 2022 ఆగస్టు 2వ తేదీన నూటికి సుమారు 47 మంది వచ్చిరి. అభ్యర్థులలో మహానుభావు లెవ్వరును క్రొత్తగా అవతరింపలేదు. ఆనాటి వోటు పత్రముపై అభ్యర్థుల పేర్లతోపాటు ఒక ప్రశ్నయు చేర్చబడియుండెను. గర్భస్రావమునకు హక్కును రాష్ట్ర రాజ్యాంగము ఇచ్చుటలేదని సవరణ చేయవలయునా, వలదా? ఇదియే ఆ ప్రశ్న. పక్షములకొఱకు గడప దాటనివారు ఈ ప్రశ్నకొఱకు దాటిరి.

జనులను విడదీయు సాంఘిక ప్రశ్నను ఎన్నిక పత్రముమీదికి ఎక్కించినచో వోటర్లు తండోపతండములుగా వత్తురా? వచ్చినవారు ఎవరి బలము పెంచుదురు? ఇది గత ఇరువది సంవత్సరములుగా అమెరికాలో రాజకీయ నాయకులును, విద్వాంసులును, పత్రికలవారును చర్చించుచున్న విషయము. మేము ఆ చర్చను దూరమునుండి గమనించుచు వచ్చితిమి. లోకమున వ్యాపించిన అభిప్రాయము సగము నిజమనియు, తక్కిన సగము పక్షనాయకుల ఆశయే యనియు మాకు తోచుచున్నది.

కాన్సాసు కథ కొంత వివరముగా చెప్పదగినది. తన దేహమును గూర్చి తాను నిర్ణయించుకొను హక్కు రాష్ట్ర రాజ్యాంగమున ఇమిడియున్నదనియు, గర్భమును నిలుపుకొనుటయో మానుటయో అందులోనిదే యనియు 2019లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ తీర్పును త్రోసివేయవలెనన్న రాజ్యాంగమునే సవరింపవలెను. సవరణకు ప్రజల వోటు కావలెను. శాసనసభ ఉభయశాఖలలోను మూడింట రెండువంతుల బలముగల రిపబ్లికను పక్షమువారు 2021 జనవరిలో తీర్మానము నెగ్గించి, వోటు దినమును 2022 నవంబరున గాక ఆగస్టున నిర్ణయించిరి. ఆగస్టే యెందుకు? ఆ మాసమున వచ్చువారు తక్కువ. వచ్చువారిలో ప్రాథమిక పోటీలు హెచ్చుగానుండు రిపబ్లికను పక్షమువారే ఎక్కువ. తక్కినవారు ఇండ్లలో కూర్చుందురు. ఎదిరిపక్షమువారు ఈ మాటను అప్పుడే బహిరంగముగా అనిరి. దానిని కాదనుటకు మాకు కారణము కనబడుటలేదు. సవరణకు 'ఇరువురకును విలువనిత్తము' అని అర్థమిచ్చు పేరు పెట్టిరి. తల్లియు శిశువును ఆ ఇరువురు.

అంతలో అనుకొనని సంగతి జరిగెను. 1973నుండి దేశమంతట చెల్లుచున్న గర్భస్రావ హక్కును అమెరికా సుప్రీంకోర్టు 2022 జూన్ 24వ తేదీన డాబ్స్ కేసులో రద్దుచేసి, ఇక ఈ విషయము ఆయా రాష్ట్రముల వశమని తేల్చెను. కాన్సాసు వోటునకు ఆరువారములైనను మిగిలియుండలేదు. అంతవరకు చట్టపు గ్రంథములలోని వాదముగా నున్నది ఒక్క ప్రొద్దులో ఇంటి విషయమైనది. ఆ తీర్పు తరువాత అచ్చట వోటరుగా క్రొత్తగా పేరు వ్రాయించుకొన్నవారిలో పదింట సుమారు ఏడుగురు స్త్రీలేయని లెక్కలు కట్టినవారు తెల్పిరి. ఎన్నికలను నిర్వహించు రాష్ట్ర కార్యదర్శి నూటికి 36 మంది వత్తురని అంచనా వేసియుండెను. ఆ అంచనాయే మునుపటి ఆగస్టుల లెక్కకు మించినది. వచ్చినవారు అంతకంటెను మిక్కుటము. హక్కు నిలువవలెనన్నవారు పత్రముపై 'కాదు' అనవలెను. పోవలెనన్నవారు 'ఔను' అనవలెను. ఈ తికమక చాలదన్నట్లు, 'ఔను' అన్నచో స్త్రీల స్వేచ్ఛ నిలుచునని తారుమారుగా తెలుపు సందేశములు వోటునకు ముందునాడు అనేకుల టెలిఫోనులకు వచ్చినవి. అయినను జనము చదువుకొనియే వోటు చేసిరి. 'కాదు' అన్నవారు అయిదులక్షల నలువదిమూడువేలకు పైగా, 'ఔను' అన్నవారు మూడులక్షల డెబ్బదియెనిమిదివేలకు పైగా తేలిరి. నూటికి 59, 41. రిపబ్లికను పక్షమున నమోదైనవారు డెమొక్రాటులకంటె మూడులక్షలకు పైగా అధికముగానున్న రాష్ట్రమున ఇది జరిగినది.

ఓడినవారిలో కొందఱు నమ్మలేక, సొంతసొమ్ము చెల్లించి, తొమ్మిది జిల్లాలలో మరల లెక్కింపించిరి. లక్షకు పైగా డాలర్లు ఖర్చు. మారిన వోట్లు 63.

వచ్చినవారెవరో గుర్తించుటయే ముఖ్యము. ఆ దినమున రెండు పక్షముల గవర్నరు అభ్యర్థుల ఏర్పాటులో పడిన వోట్లన్నియు కలిపినను, ఈ ఒక్క ప్రశ్నకు పడిన వోట్లకంటె లక్షన్నరకు పైగా తక్కువ. అనగా ఏ పక్షముతోను నిమిత్తములేక ప్రశ్నకొఱకే వచ్చి, దానికి సమాధానము చెప్పి వెళ్లినవారు వేలకొలదికాదు, లక్షకు మించి కలరు. ఏ పక్షమునను చేరనివారికి అధికారులు అభ్యర్థుల పేర్లులేని పత్రమును ఇచ్చిరి. ఒక మనుష్యుడు మండుటెండలో వరుసలో నిలిచి, పేర్లు లేని కాగితమును పుచ్చుకొని, ఒక్క గుర్తు పెట్టి తిరిగిపోవుట చూచినచో, జనులకు రాజకీయములయందు అభిరుచి చచ్చినదని వాపోవు మాబోటివారు తమ మాటను కొంత సవరించుకొనక తప్పదు.

అట్లని ఆ జనము డెమొక్రాటుల ఇంటికి కాపురమునకు వచ్చినదనుకొనరాదు. మూడుమాసములకు, నవంబరున, కాన్సాసులో వోటు చేసినవారు పదిలక్షలపై చిల్లర. ఆగస్టులో తొమ్మిదిలక్షల ఇరువదివేలు. ఉన్నవారు దాదాపు అంతే. డెమొక్రాటు గవర్నరు స్వల్పాధిక్యముతో మరల గెలిచెను. కాని సెనేటరు పదవికి రిపబ్లికను అభ్యర్థిని నూటికి 60 మంది వరించిరి. శాసనసభయు ఆ పక్షము వశముననే నిలిచెను. ప్రశ్నకు ఒక జవాబు, పక్షములకు మఱియొక జవాబు. వోటరు మనస్సులో రెండు గదులున్నవి. ఒక గది తాళపుచెవితో రెండవ గది తెఱచుకొనదు.

ఇరువది యేండ్లక్రిందట వ్యాపించిన కథ దీనికి కేవలము భిన్నము. 2003 నవంబరులో మసాచుసెట్సు రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము స్వలింగ దంపతుల వివాహమును నిరాకరించుట రాజ్యాంగవిరుద్ధమనెను. 2004 మే 17నుండి అచ్చట అట్టి వివాహములు మొదలైనవి. వెంటనే తక్కిన రాష్ట్రములలో వివాహమనగా స్త్రీపురుషుల కలయిక మాత్రమేయని రాజ్యాంగములందు వ్రాయింపవలెనని ఉద్యమములు లేచినవి. అధ్యక్షుని ఎన్నిక దినమైన 2004 నవంబరు 2వ తేదీననే పదునొకండు రాష్ట్రములలో ఈ ప్రశ్న వోటు పత్రములకెక్కెను. పదునొకండింటను నెగ్గెను. ఆ దినమే ఒహాయో రాష్ట్రమున అధ్యక్షుడు బుష్ సుమారు లక్షా పదునెనిమిదివేల ఆధిక్యముతో గెలిచి, దానితో దేశమునే గెలిచెను. మఱునాటినుండి పత్రికలలో ఒకటే పాట. వివాహ ప్రశ్న దైవభక్తులను ఇండ్లనుండి లాగుకొనివచ్చినదట; వారు వచ్చి ప్రశ్నకు 'ఔను' అని, ఆ చేతితోనే బుష్‌నకు వోటు వేసిరట. పక్షముల వ్యూహకర్తలకు ఇంతకంటె తీయని కథ మఱియొకటి లేదు. ఒక ప్రశ్న వ్రాసిన చాలును, సైన్యము దానంతట అది తరలివచ్చును!

విద్వాంసులు లెక్కలు విప్పి చూచునప్పటికి కథ అంత తిన్నగా లేదు. 2000లో అర్హులైనవారిలో నూటికి 54 మంది వోటు చేయగా 2004లో 60 మంది చేసిరి. పెరుగుదల దేశమంతటను గలదు. వివాహ ప్రశ్న ఉన్నచోటను గలదు, లేనిచోటను గలదు. ఆ పదునొకండింటిలోనే మిషిగను, ఆరెగను రాష్ట్రములు ప్రశ్నకు 'ఔను' అనుచునే బుష్‌ను ఓడించినవి. ఒహాయోలో ఆ సంవత్సరము రెండు పక్షములును ఇంటింటి తలుపు తట్టినవి. ఇందఱు పిలువగా వచ్చిన జనమును ఒక ప్రశ్నయే తెచ్చినదనుట ఎట్లు? నిండిన కుండలో చెంబెడు నీళ్లు పోసిన పొర్లునేగాని కుండ పెరుగదు. అధ్యక్షుని ఎన్నిక నిండుకుండ. కాన్సాసు ఆగస్టు అడుగంటిన కుండ. ప్రజలే శాసనములను ప్రతిపాదించు పద్ధతిని గూర్చి 2004లో గ్రంథము వ్రాసిన డానియల్ స్మిత్, కారొలైన్ టాల్బర్టు అనువారును, ఇట్టి ప్రశ్నలు వోటర్ల రాకను పెంచునని చూపుచు, అధ్యక్షుని ఎన్నికలేని సంవత్సరములయందే ఆ ఫలము హెచ్చని తేల్చిరి. 1898లో దక్షిణ డకోటాతో మొదలైన ఆ పద్ధతి ఇప్పుడు ఇంచుమించు సగము రాష్ట్రములలో కలదు. కావున పరీక్షించుటకు కాలమునకును స్థలమునకును లోటులేదు.

ఈ 2004 కథలో మాకు బాధ కలిగించునది మఱియొకటి కలదు. వోట్ల లెక్కలు చూచువారు, ఏ పక్షమునకు ఎంత లాభమని చూచువారు, ఎవరి వివాహమును గూర్చి వోటు తీయబడెనో వారిని గూర్చి పలుకుట అరుదు. ఒక వీథిలో రెండిండ్లవారి కాపురము చెల్లునా చెల్లదా యని వీథి యంతయు చేతులెత్తి తేల్చుటకు పిలువబడినచో, వచ్చినవారి సంఖ్య హెచ్చుట ప్రజాస్వామ్యపు ఆరోగ్యమని చప్పట్లు చఱచుటకు మాకు మనసురాదు. ఆ రెండిండ్లవారును వోటర్లే, వారును వచ్చిరి. కాని వారు వచ్చినది లెక్కలో పెరుగుటకు కాదు, తమ ఇల్లు కాపాడుకొనుటకు. 2015 జూన్ 26వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు ఆ సవరణల బలమంతయు తీసివేసెను. పదునొకండేండ్లు ఆ కుటుంబములు నడచిన త్రోవను మాత్రము ఏ కోర్టును వెనుకకు తిప్పలేదు.

మంచిది. పెద్ద ఎన్నికలో ప్రశ్న బలము తక్కువ, చిన్న ఎన్నికలో ఎక్కువ యని తేలినచో, దానిని తెలిసినవారు ఊరకుందురా? ఒహాయో కథ వినుడు. వోటర్లు రారు, డబ్బు దండుగ యని ఆ రాష్ట్రపు శాసనసభ ఆగస్టులో జరుగు ప్రత్యేక ఎన్నికలను చాలమట్టుకు రద్దుచేయు చట్టమును చేయగా, 2023 జనవరిలో గవర్నరు దానిపై సంతకము చేసెను. నిజమే, 2022 ఆగస్టున జరిగిన ఒక ఎన్నికకు నూటికి ఎనిమిది మందియే వచ్చిరి. చట్టపు సిరా ఆఱకమునుపే, 2023 మే నెలలో, అదే శాసనసభ ఆగస్టు 8వ తేదీన ప్రత్యేక ఎన్నిక పెట్టెను! అడిగిన ప్రశ్న ఇది: ఇకమీద రాజ్యాంగ సవరణకు సగముపై చిల్లర చాలదు, నూటికి 60 మంది కావలయుననుటకు మీరు సమ్మతింతురా? 1912నుండి అచ్చట సగముపై ఒక్క వోటు చాలును. ఇప్పుడేల ఈ తొందర? నవంబరున గర్భస్రావ హక్కును రాజ్యాంగమున చేర్చు ప్రతిపాదన రానున్నది. దానికి సగముపై వచ్చునుగాని 60 రాదని అంచనా. వీథి తలుపు మూయుటకు దొడ్డి తలుపునుండి వచ్చిరన్నమాట.

ప్రశ్నలో గర్భమను మాటయే లేదు. నూటికి ఎన్ని అను అంకెల వ్యవహారము. చదివినవారికి ఆవులింత రావలసినది. కాని ముప్పదిలక్షలకు పైగా జనము వచ్చిరి, నూటికి సుమారు 38 మంది. నూటికి 57 మంది 'కాదు' అనిరి. నవంబరున హక్కు ప్రతిపాదనయు ఇంచుమించు అదే 57తో నెగ్గెను. మొదటి ప్రశ్న నెగ్గియున్నచో రెండవది ఓడియుండెడిది. వచ్చువారు తక్కువగు దినమును వెదకి పెట్టిన ప్రశ్నయే జనమును తెచ్చినది. ఇట్టి యుక్తులు పన్నువారు కాన్సాసు పాఠమును ఏడాదిలోపలనే మఱచిరో, చదివియు నమ్మలేదో మాకు తెలియదు.

2024లో కుండ మరల నిండినది. అధ్యక్షుని ఎన్నికతోపాటు పది రాష్ట్రములలో గర్భస్రావ ప్రశ్న వచ్చెను. ఈ ప్రశ్నకొఱకు వచ్చు స్త్రీలు తమ అభ్యర్థిని గట్టెక్కింతురని డెమొక్రాటులు ఆశించిరి. 2004లో రిపబ్లికనులకు దక్కినదని చెప్పబడిన వరమే తమకు దక్కునని వారి తలంపు. ఏడు రాష్ట్రములలో హక్కు నెగ్గెను. ఆ యేడింటిలో అరిజోనా, మిస్సోరి, మాంటానా, నెవాడా నాలుగును ట్రంప్‌నకే వోటు చేసినవి. ఫ్లారిడాలో నూటికి 57 మంది 'ఔను' అన్నను అచ్చటి నియమము 60 కోరుటచేత ఓడెను. ఒహాయోలో చేయబోయి చేయలేకపోయినది ఇచ్చట పూర్వమే చేయబడియున్నది. దేశమంతటి వోటర్ల రాక చూచినచో, 2020లో అర్హులలో నూటికి 66 ఉండగా 2024లో 64కు తగ్గెను. ప్రశ్నలు ఆ తగ్గుదలను ఆపలేదు.

సముద్రమునకు ఆవలి తీరమునందలి ఐర్లండును కూడ చూడవలెను. అచ్చట రాజ్యాంగమును ఒక్క మాట మార్చవలెనన్నను ప్రజలను అడుగవలసినదే. కావున ప్రజలు తఱచుగా పిలువబడుదురు, తఱచుగా రారు. 2012లో పిల్లల హక్కులను గూర్చి అడుగగా నూటికి 34 మందియైనను రాలేదు. 1979లో దత్తత విషయమున వచ్చినవారు 29కి లోపు. అవి ఎవరికిని అభ్యంతరములేని మంచి విషయములు. అందుచేతనే ఎవరును రాలేదు. 1995లో విడాకులను అనుమతింతురా యని అడుగగా 62 మంది వచ్చిరి. 9,114 వోట్ల తేడాతో అనుమతించిరి. ఆ దినమున పడమటి జిల్లాలలో, విడాకులకు విముఖులైనవారు హెచ్చుగానున్నచోట, కుంభవృష్టి కురిసెను. వానయే గెలిపించినదని నేటికిని చెప్పుకొనువారు కలరు. గెలుపునకు వరుణుని పేరు చెప్పుట ఓడినవారికి ఊరట. మేము ఆ వివాదమున దిగము.

2015లో స్వలింగ వివాహమునకు 60 మంది, 2018 మే 25వ తేదీన గర్భస్రావ నిషేధమును తొలగించుటకు 64 మంది వచ్చిరి. ఈ రెండవ వోటు వెనుక మన దేశపు కన్నీరు కొంత కలదు. ఇచ్చటినుండి వెళ్లి గాల్వే పట్టణమున నివసించుచున్న ఒక దంతవైద్యురాలు 2012 అక్టోబరులో గర్భము నిలువదని తెలిసి, గర్భస్రావము చేయుడని కోరినను చేయనందున, రక్తము విషమించి కన్నుమూసెను. ఆమె ముఖచిత్రము ఆరేండ్ల తరువాత డబ్లిన్ గోడలమీద నిలిచెను. వోటు దినమున లండనునుండియు, ఇంకను దూరదేశములనుండియు ఐరిష్ యువజనులు విమానములెక్కి, ఓడలెక్కి వచ్చిరి. వారికి టపాలో వోటు పంపు వీలులేదు. దేశము విడిచి పదునెనిమిది మాసములు దాటినచో వోటే లేదు. ఒక గుర్తు పెట్టుటకు ఒక మాసపు జీతము ఖర్చుచేసినవారును ఉండవచ్చును. 2015లో వివాహ ప్రశ్నతోపాటే అధ్యక్షపదవికి కనీస వయస్సు తగ్గింతురా యని మఱియొక ప్రశ్నయు అడిగిరి. దానికిని 60 మంది జవాబు చెప్పినట్లు లెక్క కనబడును. పెండ్లికి వచ్చినవారు ప్రక్కింటి పేరంటమునకు తొంగిచూచిన చందము. ఆ ప్రశ్న ఒంటరిగా వచ్చియున్నచో ఎందఱు వచ్చెడివారో ఊహింపవచ్చును.

రాకుండుటయే వోటగుట కూడ కలదు. ఇటలీలో 1974లో విడాకుల చట్టమును రద్దుచేయుదుమా యని అడిగినప్పుడు నూటికి 87 మందికి పైగా వచ్చి, వలదనిరి. అదే ఇటలీలో 2005లో కృత్రిమ గర్భధారణ చట్టమును సడలింతుమా యని అడుగగా 26 మందియే వచ్చిరి. విషయము తక్కువ సున్నితమైనది కాదు. ఇటలీ నియమము ప్రకారము సగముమంది రాకున్న ఫలితమునకు విలువలేదు. ఈ చట్టమును కాపాడదలచిన చర్చి పెద్దలు 'కాదనుడు' అనలేదు, 'పోకుడు' అనిరి. ఎట్లును రానివారందఱును వారి లెక్కలో పడిరి. 2018 అక్టోబరులో రుమేనియాలో కుటుంబమనగా స్త్రీపురుషుల వివాహమేయని వ్రాయుటకు రెండు దినములు వోటు తీసినను నూటికి 21 మందియే వచ్చిరి, కావలసినది 30. వచ్చినవారిలో తొంబదికి పైగా 'ఔను' అన్నను ప్రశ్న వీగిపోయెను. అచ్చట చర్చి పొమ్మనెను, ఎదిరివారు పోవలదనిరి. పాత్రలు తారుమారైనను ఆట ఒక్కటే.

వోటు బహిష్కారమన్న మాట మన చదువరులకు క్రొత్తది కాదు. 1947 జూలైలో వాయవ్య సరిహద్దు రాష్ట్రమున ఇండియాయా, పాకిస్థానా యని ప్రజలను అడిగినప్పుడు, ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ నాయకత్వమున ఖుదాయీ ఖిద్మత్‌గారులు, పఠానులకు స్వతంత్రరాజ్యమను మూడవ మార్గము పత్రముపై లేనందున, వోటును బహిష్కరించిరి. పాకిస్థానుకు 2,89,244, ఇండియాకు 2,874 వోట్లు పడినవి. ఈ అంకెలు మాత్రమే చూచినవాడు ఏకగ్రీవమనును. కాని వోటు హక్కుగలవారు అయిదులక్షల డెబ్బదివేలకు పైగా. సుమారు సగము మంది రానేలేదు. వారి మౌనమును ఒకరు అంగీకారమనిరి, ఒకరు నిరసనమనిరి. రెండు దేశముల చరిత్రకారులకు ఆ వాదము ఇంకను తెగలేదు.

స్వతంత్ర భారతమున ప్రశ్నకు ప్రజలచేత జవాబు చెప్పించిన ఘట్టములు మిక్కిలి స్వల్పము. వానిలో గోవా మాకు ఇచ్చట పనికివచ్చును. 1967 జనవరి 16వ తేదీన, మహారాష్ట్రమున కలియుదురా, కేంద్రపాలితముగనే నిలుతురా యని అడిగిరి. కలయుటకు పువ్వు, నిలుచుటకు రెండాకులు గుర్తులు. భాషా, మతము, కులము, భూమి అన్నియు ఆ ప్రశ్నలో ముడివడియున్నవి. అన్నదమ్ములు మాటలాడుకొననంత కాక పుట్టెను. 3,88,432 మంది వోటర్లలో 3,17,633 మంది వచ్చిరి. రెండాకులకు 1,72,191, పువ్వుకు 1,38,170. విలీనమును కోరిన మహారాష్ట్రవాది గోమాంతక పక్షము ఓడినది. రెండు మాసములకు జరిగిన శాసనసభ ఎన్నికలలో అదే గోవా అదే పక్షమును మరల గద్దెనెక్కించెను, దయానంద బందోడ్కరే ముఖ్యమంత్రి! కాన్సాసునుగాని, మిస్సోరినిగాని చూచి ఆశ్చర్యపడువారు పణజివైపు ఒకసారి చూచుట మంచిది.

మన తెలుగునాట ఇట్టి ప్రశ్న పెట్టెలో పడుటకు వీలులేదు. మన రాజ్యాంగమున ఆ పద్ధతి లేదు. కావున ఇంటి ప్రశ్న పక్షము భుజమెక్కి రావలసినదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాయి పాటను అడ్డుకొన్నప్పుడు వారు ఏ పక్షపు పిలుపుకును ఎదురుచూడలేదు. అది జిల్లాలు దాటెను. 1993 అక్టోబరు 1నుండి సారాయి నిషిద్ధమయ్యెను. సంపూర్ణ మద్యనిషేధము చేయుదుమని 1994 ఎన్నికలలో నందమూరి తారక రామారావుగారు మాట యిచ్చి, గెలిచి, 1995 జనవరి 16నుండి అమలుజరిపిరి. 1997లో వారి పక్షపు ప్రభుత్వమే, అప్పటికి వారులేరు, దానిని సడలించెను. సారాయి కుండలు పగులగొట్టిన స్త్రీలను ఎవరును మరల అడుగలేదు. అడిగియున్నచో ఎందఱు వచ్చెడివారో!

ఇందుచేత ప్రశ్నను వోటు పత్రముపై పెట్టు పద్ధతి పాడని మేమనము. పక్షములకు పట్టని మాటను జనము నేరుగా చెప్పుటకు అది మార్గము. అయితే ప్రశ్నను ఎవరు వ్రాయుదురు, ఏ దినమున పెట్టుదురు, ఎంతమంది సమ్మతి కావలెనందురు అను మూడు సంగతులు వచ్చిన జనసంఖ్యకంటె ముందు చూడవలసినవి. నూటికి ఎందఱు వచ్చిరని మఱునాడు ప్రకటించు అంకెలో ఈ మూడును కనబడవు.

2024 నవంబరులో నూటికి 52 మందికి లోపుగా 'ఔను' అని గర్భస్రావ హక్కును రాజ్యాంగమున వ్రాయించిన మిస్సోరిని గూర్చి ఒక సంగతి మిగిలినది. ఆరుమాసములు గడువగనే, 2025 మే నెలలో, ఆ రాష్ట్రపు శాసనసభ ఆ హక్కును తొలగించు ప్రతిపాదనను మరల ప్రజలముందు పెట్టుటకు తీర్మానించెను. దానితోపాటు, పదునెనిమిదేండ్లు నిండనివారికి లింగమార్పిడి చికిత్సలు చేయరాదన్న నిషేధమునుగూడ ఆ ప్రశ్నలోనే కలిపిరి. రెండింటికిని కలిపి వోటరు ఒకే 'ఔను' గాని ఒకే 'కాదు' గాని చెప్పవలెను. తేదీ 2026 నవంబరని వ్రాసి, గవర్నరు కోరినచో అంతకు ముందే ప్రత్యేక దినమున పెట్టవచ్చునని చేర్చిరి.